లాంతర్‌ను దూకించిన చేతులు

కంచెకానుకుని తాను నిలబడే చోట ఎవరో ముసలావిడ నిలబడి ఉంది.

మెలాకీ టూహీకి అది నచ్చలేదు. పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే ఆ జాగాలో, నీళ్ళతొట్టి పక్క చోటు అతనిదేనని బాలిన్‌కారలో కుక్కలకి కూడా తెలుసు.

"అక్కా, కాస్త జరుగుతావా? ఇది నా చోటు."

"పేరు రాసుందా తమ్ముడూ?" అంటూనే ఆవిడ ఒక అడుగు పక్కకి వేసింది. వానకి తలగుడ్డ నుదుటికి అంటుకుపోయింది. చేతులు మాత్రం కోటు జేబుల్లో వెచ్చగా ఉన్నాయి.

ఇంకో రోజైతే మెలాకీ మాటకి మాట వడ్డీతో అప్పగించేవాడు. ఇవాళ నెత్తిమీద టోపీ బరువుగా ఉంది.

అది ఊళ్ళో పబ్బువాళ్ళ టోపీ. ఏటా గుర్రాలు కంచెలు దూకే పెద్ద పందెం రోజున అందరూ తలా కొంత వేస్తారు. వాళ్ళ తరఫున గుర్రాన్ని ఎంచే మనిషి ఆ గోధుమరంగు టోపీ పెట్టుకుని మైదానానికి వస్తాడు. ఏనాటినుంచో ఆ మనిషి మెలాకీయే. అయితే గడిచిన మూడేళ్ళలో అతనెంచిన గుర్రాల్లో ఒకటి పడింది, ఒకటి ఆగింది, ఒకటి జాకీని కంచెకి ఇవతల దించేసి తానొక్కతే అవతలికి వెళ్ళింది. దాంతో మెలాకీ ఆ టోపీ పెట్టుకుంటున్నాడా, ఊరికి పెడుతున్నాడా అని పబ్బులో చర్చ మొదలైంది.

ఈసారీ తప్పితే టోపీ మాంసంకొట్టు ఫిడెల్మా నెత్తికెక్కుతుంది. ఫిడెల్మా గుర్రాన్ని కూడా కిలోల్లో చూసే మనిషి.

మెలాకీ పద్ధతి వేరు. గెలిచే గుర్రాన్ని గుడ్డివాడైనా చెబుతాడు, పేపర్లో వేస్తారు కనక. ఎవరూ నమ్మని గుర్రాల్లోంచి, మొదటి మూడింట్లో దూరేదాన్ని పట్టాలి. సగం డబ్బు గెలుపు మీద, సగం మూడింట్లో రావడం మీద. ఈచ్-వే పందెమంటే అంతే. ఒక కాలు స్వర్గంలో, ఒక కాలు ఇంటి అరుగు మీద.

ఇవాళ అతని కన్ను రెండింటి మీద పడింది. గెలిస్తే ఒకటికి పాతిక పలికే బిషప్. ఒకటికి నలభై పలికే ఆడగుర్రం మోలీస్ కెటిల్. బిషప్ దిట్టంగా ఉంది. కెటిల్ పేరుకి కెటిలే గానీ వెళ్ళిన ప్రతిచోటా చల్లారిపోయింది.

"బిషప్ బాగుంది," అన్నాడు తనలో తానే, అంటే ఊరందరికీ వినపడేలా.

"బొజ్జ బాగుంది," అంది ఆవిడ. "ఈ బురదలో మూడు మైళ్ళు దాన్ని మొయ్యాలిగా. కెటిల్‌ని చూడు."

"ఈ ఏడంతా అది వెనకే వచ్చింది అక్కా."

"ఎక్కడ పరిగెత్తించారు? అన్నీ ఎడమకి తిరిగే మైదానాలే. అదేమో కుడికి ఒరిగి దూకుతుంది. కంచె కంచెకీ బయటికి పోయి, మళ్ళీ లోపలికి రావాలి. ఇక్కడ మలుపు కుడికి. దూకిన ప్రతిసారీ దగ్గరి దారిలో పడుతుంది."

మెలాకీ, తనకి తట్టనిది ఇంకొకరు చెప్పినప్పుడు మగవాడు చేసే పనే చేశాడు. తన గొప్ప ఎత్తుకున్నాడు.

నలభై ఏళ్ళ కిందట ఇదే మైదానంలో ఓల్డ్ లాంతర్ అనే గుర్రం పరిగెత్తింది. కంచె కనిపిస్తే మొరాయించే రకం. ఒకటికి అరవై ఆరు ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. దానిమీద డి. కీన్ అని ఎవరూ ఎరగని కుర్రాడు. ఆ కుర్రాడు పగ్గం పట్టిన తీరు చూసి, పడుచు మెలాకీ జేబులో ఉన్నదంతా పెట్టేశాడు. లాంతర్ గెలిచింది. టోపీ అతని నెత్తికెక్కింది ఆ గెలుపుతోనే.

"చివరి కంచె దగ్గర అందరూ పగ్గాలు బిగబట్టారు. వాడొక్కడే వదిలాడు అక్కా. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారినట్టు జారనిచ్చాడు, నీ ఇష్టం నాయనా, నీకు తోచినట్టు దూకు అన్నట్టు. అలాంటి చేతులు మళ్ళీ చూళ్ళేదు. ఇవాళ్టికీ ప్రతి గుర్రం మీదా వాటికోసమే వెతుకుతాను."

ఆ కుర్రాడేమయ్యాడని ఆవిడ అడిగింది.

"మళ్ళీ గుర్రమెక్కలేదు. ఆస్ట్రేలియా పోయాడని కొందరు, పాదిరీ అయ్యాడని కొందరు. ఎప్పుడైనా కనిపిస్తే ఆ చేతులు పట్టుకుని, నన్ను మనిషిని చేశావురా అని చెప్పాలి."



"వినుంటే సంతోషించేవాడు," అంది ఆవిడ, గుర్రాల వంకే చూస్తూ.

మెలాకీ వెళ్ళి పబ్బు డబ్బంతా కెటిల్ మీద ఈచ్-వే పెట్టి వచ్చాడు.

కెటిల్ ప్రతి కంచె దగ్గరా కుడికి ఒరిగింది, ఒరిగిన ప్రతిసారీ ఒక గుర్రాన్ని మింగింది. చివరి కంచెకి వచ్చేసరికి నాలుగో స్థానం. పక్కన ఆవిడ చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. వేళ్ళు గాలిలో దేన్నో పట్టుకుని, మెల్లగా జారనిచ్చాయి. జీవితమంతా చేతులు చూసిన మనిషి సరిగ్గా అప్పుడు గుర్రాన్ని చూస్తున్నాడు.

కెటిల్ మూడోదిగా వచ్చింది.

ఫిడెల్మా తానే వచ్చి అతని టోపీ సరిచేసింది. వెన్ను తట్టే చేతుల్లోంచి ఎలాగో బయటపడి, మెలాకీ రెండు కప్పుల టీ కొనుక్కుని నీళ్ళతొట్టి దగ్గరికి వచ్చాడు. ఆవిడ లేదు. ఉన్న చోటు మొత్తం అతనికే వదిలేసి వెళ్ళింది.

టీ ఒలకబోసుకుంటూ గేటు దాకా పరిగెత్తాడు. తలగుడ్డావిడని అడిగితే, బస్సెక్కి వెళ్ళిపోయిందన్నాడు టిక్కెట్లు చించే ముసలి కోర్మక్.

"ఎవరయ్యా ఆవిడ?"

"మా పేటావిడే. ఏటా వస్తుంది. నేను వద్దన్నా టిక్కెట్టు కొనే లోపలికి వెళ్తుంది. నవ్వుకుంటూ బయటికి వెళ్ళడం మాత్రం ఇవాళే చూశాను."

"గుర్రాలు తెలిసిన మనిషి. ఎక్కడ నేర్చింది?"

కోర్మక్ అటూ ఇటూ చూశాడు. వినకూడని పందెం పెద్దలందరూ ఏనాడో చర్చి వెనక సమాధుల్లో పడుకున్నారని గుర్తొచ్చి, గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"తెలిస్తే ఆ గెలుపు చెల్లదంటారని మా పేటంతా కలిసి దాచుకున్నాం మెలాకీ. ఆ పొద్దున డెక్లాన్ కీన్ కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఆడదాన్ని పందెంలో గుర్రమెక్కనివ్వని రోజులు. అన్న టోపీలోకి జుట్టు దోపుకుని ఓల్డ్ లాంతర్‌నెక్కింది వాళ్ళ చెల్లెలు డింప్నా, ఇందాక నీ పక్కన నిలబడ్డావిడే."