వంటమనిషి వాంగ్మూలం

ప్లెయిన్స్‌బరో లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో ఆ ఆదివారం చక్రపాణి గొంతే ఎక్కువగా వినిపించింది.

అది 2009 వేసవి. నెలకొక తెలుగు నవల చదివి మాట్లాడుకునే పదిమంది అక్కడ చేరారు. అందరూ ఇండియా నుంచి వచ్చి చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ళే.

ఆ నెల పుస్తకం జగన్మోహన్ అనే ఆయన నలభై ఏళ్ళ కిందట రాసిన నవల. ఒక డాక్టరు తన ఇంటి మెట్ల మీంచి పడి చనిపోతాడు. భార్య, తమ్ముడు, కాంపౌండరు, వంటమనిషి పోలీసులకు వాంగ్మూలాలు ఇస్తారు. ఒకరి మాటకీ ఒకరి మాటకీ పొంతన ఉండదు. ఎవరిది నిజమో రచయిత చెప్పడు.

చక్రపాణి చెప్పాడు. అబద్ధమాడింది వంటమనిషేనన్నాడు.

మిగతా ముగ్గురూ పెద్ద పెద్ద వాక్యాల్లో మాట్లాడతారని, ఆమె మాత్రం మూడేసి మాటల్లో ముగిస్తుందని పేజీలు తిప్పి చూపించాడు. ఎవరో నేర్పింది వల్లిస్తే అలాగే ఉంటుందన్నాడు. దీని మీద తెలుగు సంఘం సావనీర్‌కి వ్యాసం కూడా రాసి పెట్టుకున్నాడు.

అందరూ తలూపారు, చివరి కుర్చీలో కూర్చున్న పెద్దావిడ తప్ప.

ఆవిడ ఆ పదిమందిలో ఒకరైన నమ్రతకి అత్తగారు. మూడు నెలలు ఉండి వెళదామని కొడుకు దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఏం తోస్తుందని నమ్రత వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ పేరు ఎవరూ అడగలేదు.

"ఆమె అబద్ధం చెప్పలేదు బాబూ," అంది ఆవిడ.

"ఎలా చెప్తున్నారు ఆంటీ?"

"ఆ ముగ్గురూ చూశామన్నారు. ఈమె ఒక్కతే వంటింట్లో ఉన్నాను, చూడలేదు, చప్పుడు విన్నాను అంది. చూడనిది చూడలేదని చెప్పిన మనిషిని ఎందుకు అనుమానిస్తారు?"

చక్రపాణి నవ్వాడు.

"అది సింపుల్ రీడింగ్ ఆంటీ. ఇది సైకలాజికల్ నవల. ఇంకోసారి చదవండి, క్లియర్ అవుతుంది."

అలాగేనంది ఆవిడ.

తిరిగి వెళ్తుంటే కారులో ఆవిడ హుషారుగా ఉంది. అంత చదువుకున్నవాళ్ళు రెండు గంటలసేపు ఒక వంటమనిషి గురించి వాదించుకున్నారు, ఎంత బాగుందో అంది. అందులో అంత సంతోషపడాల్సింది ఏముందో నమ్రతకి అర్థం కాలేదు.

మరుసటి నెల చక్రపాణి మంచి కబురు తెచ్చాడు. విజయవాడలో జగన్మోహన్ గారి ఫోన్ నంబరు దొరికింది. ఎనభై దాటినా, మాట్లాడటానికి ఆయన ఒప్పుకున్నారు.

ఈసారి నమ్రత ఒక్కతే వచ్చింది. అత్తగారు శుక్రవారం ఫ్లైట్‌కి ఇండియా వెళ్ళిపోయింది.

చక్రపాణి ఫోన్ స్పీకర్‌లో పెట్టి తన వ్యాసం సంగతంతా చెప్పాడు. వంటమనిషి మాటతీరు వేరని ఇన్నేళ్ళలో కనిపెట్టింది మీరొక్కరేనని ఆయన మెచ్చుకున్నారు. చక్రపాణి ముఖం వెలిగింది.

"అయితే సార్, ఆమె అబద్ధం చెప్పినట్టేనా?"

"ఆమె సంగతి నాకెలా తెలుస్తుంది బాబూ? నేను రాసింది మూడు వాంగ్మూలాలే."

అందరూ ఫోన్ దగ్గరికి జరిగారు.

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పుస్తకం తెనాలిలో ఒక చిన్న ప్రెస్‌లో అచ్చయింది. అక్కడ సీసం అక్షరాలు కూర్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. మూడో వాంగ్మూలం కూర్చడం అయ్యాక, ఆ ఇంట్లో వంటమనిషి కూడా ఉంది కదండీ, ఆమెను ఎవరూ అడగలేదేం అంది. నువ్వే అడగమని ఆయన నవ్వేశారు. రెండు రోజుల తర్వాత ప్రూఫులు చూస్తే నాలుగో వాంగ్మూలం ఉంది. కాగితం మీద పెట్టకుండా తిన్నగా అక్షరాల్లోనే కూర్చేసింది. ఆయన అందులో ఒక్క మాట మార్చలేదు. పేరు వేద్దామంటే ఆమె వద్దంది. తర్వాత పెళ్ళయి ఎటో వెళ్ళిపోయింది.

"నవలని ఇన్నాళ్ళు బతికించింది ఆ నాలుగు పేజీలే," అన్నారు.

వ్యాసం అప్పటికే అచ్చుకి వెళ్ళిపోయింది. అయినా చక్రపాణికి కోపం రాలేదు. ఆ అమ్మాయి పేరేమిటని అడిగాడు.

"నాగమల్లేశ్వరి."

నమ్రత తలెత్తింది. పెళ్ళికి ముందు తన అత్తగారు తెనాలిలో ప్రెస్‌లో పనిచేసేదని, ఆవిడ పేరు నాగమల్లేశ్వరి అని మెల్లగా చెప్పింది.