కాగని తోలు

"ఇది గూడ తోలు కాగలే" అన్నడు మా ఆయన మొగులయ్య, రెండో సబ్‌వూఫర్‌ను పక్కకు జరిపి.

ముప్పై ఏండ్లు పాతబస్తీ బోనాలల్ల డప్పు కొట్టిన మనిషి. తోలు మంట మీద కాగకుంటే డప్పు పలుకదు. పోయిన బోనాలకు ఇంకా కాగలే, ఇంకా కాగలే అనుకుంట కాపి కాపి తోలు పగలగొట్టిండు. తర్వాత ఇంట్ల స్పీకర్లకు అదే వంక పెట్టి, కొత్తయి తెచ్చిండు. ఇప్పుడు వాటికి సరిజోడు సబ్‌వూఫర్ కావాలని నన్ను హుస్సేనీ ఆలం దుకాణానికి తోలుకొచ్చిండు.

"గది ఎంతుంటది, అన్నా?" దుకాణపాయన అడిగిండు.

మా ఆయన కండ్లు పెట్టెల మీదనే ఉన్నయ్. నేనే చెప్పిన, "పదికి పది."

"గంత గదికి ఎనిమిది ఇంచులదే మస్తయితదమ్మా. పెద్దదైతే గోడలు అదురుతయ్."

"అదరనీ భాయ్. పెద్దదే పెట్టు," అన్నడు మా ఆయన, దుకాణపాయన మొకం దిక్కు చూసుకుంట.

దుకాణపాయన పన్నెండు ఇంచులది పెట్టి, బోనాల పాట ఏసి సప్పుడు మొత్తం పెంచిండు. బల్ల మీది చాయ్ గిలాస గలగలమన్నది. ఎదురు దుకాణపోళ్లు చెవులు మూసుకొని లొల్లికొచ్చిన్రు.

మా ఆయన ఛాతి మీద చెయ్యి పెట్టుకున్నడు. మొకం వెలిగింది.

"గిది కాగింది! గుండెకు తగులుతున్నది!"

నాకు పానం లేచొచ్చినట్లయింది.

ఆయన వంగి పెట్టెకు చెవి ఆనించిండు. పాట ఇంకా మోగుతనే ఉన్నది.

"పెట్టె మంచిగనే ఉన్నది భాయ్," అన్నడు. "ఇగ పాట షురూ చెయ్."