సత్తెమ్మ ఇంటి పిల్ల

1949. బడికి రాని ప్రతి పిల్లనూ పరిశోధక విద్యార్థి స్వయంగా చూసి వివరములు వ్రాయవలెనని విశ్వవిద్యాలయపు విద్యాశాస్త్ర విభాగం నియమం. అట్టి పిల్ల తన ఇంట ఉన్నదని ఖాజాగూడ సత్తెమ్మ తెలిపినందున, ఆ విభాగపు విద్యార్థి ఎల్లేశం ఏడోసారి హాజరైనాడు.

“పిల్ల కట్టెలకు పోయింది. కూసో బిడ్డా, తిన్నవా?” అన్నది ముసలమ్మ.

హాస్టలులో ఈ ప్రశ్న వేయుటకు ఎవరూ నియమితులు కాలేదు. అతడు జొన్నరొట్టె తిన్నాడు. చాలాసేపు ముచ్చటించినాడు.

“మొన్న నర్సమ్మ అంటివి, ఇయ్యాల పోశమ్మ అంటివి. అసలు పిల్ల పేరేంది అవ్వా?”

సత్తెమ్మ తల వంచుకున్నది. “పిల్ల లేదు, గిల్ల లేదు. లేదంటే ఇగ నువ్వు రావు గద.”

ఎల్లేశం కాగితం తీసి, నిబంధనల మేరకు వ్రాసినాడు: “పిల్ల ఇంట లేదు. పరిశోధకుడు మరల రావలసి ఉన్నది.”