నీడవైపు సీటు

చీకటి విడవకముందే ఎల్లారెడ్డి చేరాలనుకున్నాడు ఆశన్న. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు దారిలో మొరాయించింది. కామారెడ్డిలో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది.

అతని భార్య భూదవ్వకు గొంతులో గడ్డ. హైదరాబాద్ ఆస్పత్రిలో వెలుతురు తగిలితేనే పనిచేసే మందు ఎక్కించి, సన్నని గొట్టంతో లోపలికి లైటు వేసి దాన్ని మాడ్చారు. ఆ మందు ఇంకా ఒంట్లోనే ఉంది. నెల దాకా ఎండ తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందని, గుర్తుకు ఆమె చేతికి ఊదారంగు పట్టీ వేసి పంపారు.

దుప్పటి కప్పి ఆమెను ఎల్లారెడ్డి బస్సెక్కించాడు. నీడవైపు సీట్లన్నీ నిండిపోయాయి.

అటు 'స్త్రీలకు' అని రాసిన సీట్లో ఒక మగమనిషి కూర్చున్నాడు. నల్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, తలా మొహం చుట్టూ తువాల. దుబాయి నుంచి దిగిన సోకు కాబోలనుకున్నాడు ఆశన్న.

"అన్నా, అది ఆడోళ్ల సీటు. జర లెవ్వరాదు."

"నాకు ఎండ పడది" అన్నాడు ఆ మనిషి బొంగురుగా.

"ఎండ పడదా? నువ్వేమన్న దొరవా? ఎండల పనిజేసే బతుకులు మనయి."

వెనక ఎవరో నవ్వారు.

"మా ఇంటామెకు మందెక్కిచ్చిండ్రు. ఎండ తాకితే ఒళ్లు కాల్తదట. నీకేమైతది?"

ఆ మనిషి భూదవ్వ చేతివైపు చూశాడు. లేచి ఎండవైపు వెళ్లి కూర్చున్నాడు.

నాలుగు మాటలంటే గానీ దారికి రాలేదనుకుంటూ భార్యను ఆ సీట్లో కూర్చోబెట్టాడు ఆశన్న.

బస్సు మలుపు తిరిగింది. ఎండ భూదవ్వ పాదాల మీద పడింది. దుప్పటి కిందికి లాగితే మొహం బయటపడుతోంది, పైకి లాగితే పాదాలు. ఆశన్న అరచేతులు అడ్డం పెట్టాడు. అవి ఏ మూలకు చాలుతాయి? అతనికి ఏడుపొచ్చింది.

లింగంపేట వచ్చింది. దిగబోతూ ఆ మనిషి తువాల విప్పి, వంగి, ఆమె పాదాల మీద కప్పాడు.

"నీకెట్లనే తమ్మీ?" అంది భూదవ్వ.

"ఇల్లు దగ్గర్నే అక్కా."

బస్సు కదిలింది. ఆశన్న సిగ్గుపడుతూ కిటికీలోంచి చూశాడు. నీడ లేని రోడ్డు మీద ఆ మనిషి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చొక్కా చేతులు కిందికి జారాయి.

"ఆపుండ్రి, జర బస్సాపుండ్రి" అని ఆశన్న మొత్తుకున్నాడు. బస్సు వేగమందుకుంది.

ఆ మణికట్టుకూ ఊదారంగు పట్టీ ఉంది.