ఎర్ర లేబుల్ కింద

ఆస్పత్రి సర్వర్లో, ఒకటి పోయినా రెండోది ఉంటుందని పెట్టిన రెండు డిస్కులూ ఒకే పూట ఆగిపోయాయి. వాటితోపాటు నాలుగు వేల మంది రోగుల స్కాన్లూ పోయాయి.

"ఒకే రకమైతే ఒకే జబ్బుతో ఒకేసారి పోతాయి, రెండు కంపెనీలవి పంపండని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా బావగారూ!"

డిస్కులు అమ్మింది మా ఆయన అన్నగారే. ఆయన తడుముకోలేదు. "అలాగే పంపాం కదమ్మా! ఒకటి నీలం లేబుల్, ఒకటి ఎరుపు. నీ చేత్తోనే బిగించావు."

ఎర్ర లేబుల్ని గోటితో గీకాను. ఊడి చేతికొచ్చింది. కింద నీలం లేబుల్ ఉంది.

బావగారు తల దించుకున్నారు.

నేను ఆ ఎర్ర కాగితం వంకే చూస్తున్నాను. మధ్యలో సన్నటి తెల్లగీత. మా ఇంట్లో ఉన్న లేబుల్ మెషీన్ ఏది అచ్చేసినా ఆ గీత పడుతుంది. పిల్లల పుస్తకాల మీదా అదే, పంచదార డబ్బా మీదా అదే.

"మీ తమ్ముడేనా?"



అంతలో ఫోన్ మోగింది. మా ఆయన.

"పొద్దున్నుంచీ ఏమీ తినుండవు, ముందు కాస్త తిను," అన్నాడు ఓదార్పుగా. "బిగించేటప్పుడు నువ్వే ఏదో పొరపాటు చేసుంటావులే. ఎవరికైనా జరుగుతుంది."