పచ్చ కంకణం

తునిలో ఇప్పుడు పసిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలి వరకూ అందరి చేతికీ ఆరోగ్య కంకణం ఉంది. అది పచ్చగా వెలిగితే ఒంట్లో ఏ రోగమూ లేనట్టే. పెళ్ళిచూపుల్లో జాతకాలు మానేసి మణికట్టు చూస్తున్నారు. రక్తదానం బండిలోనూ అంతే, ప్రశ్నలడిగే మనిషంటూ లేడు. పచ్చ వెలుగు చూసి కుర్చీయే సూది గుచ్చుతుంది.

మేనత్త చిట్టెమ్మ రక్తమిచ్చి లేవగానే భానోజీ కూర్చున్నాడు. కంకణం పచ్చగానే ఉంది. సూది దగ్గరికొస్తుంటే మొన్న వైజాగ్‌లో తొందరపడిన సంగతి గుర్తొచ్చింది. కొత్తగా అంటుకున్న రోగం కొన్నాళ్ళ దాకా కంకణానికి అందదని అతనికి తెలుసు. ఈ రక్తం ఏ బాలింతకు ఎక్కిస్తారో! చటుక్కున లేచాడు.

"త్వరగా కానివ్వవయ్యా," అని వెనకాల నిలబడ్డ పెద్దమనిషి విసుక్కున్నాడు.

"ఏరా, సూదంటే భయమా?" అంది చిట్టెమ్మ.

అవునంటే సరిపోయేది.

"కాదత్తా. మొన్న జాగ్రత్త లేకుండా ఒకరితో ఉన్నాను. పరీక్షలు చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే ఇస్తాను."

వరసలో తలలన్నీ అతని వైపు తిరిగాయి. అత్త అతన్ని ఎగాదిగా చూసింది.

"సిగ్గులేని వెధవా!" అని, తనకిచ్చిన బత్తాయి రసం అతని చేతిలో పెట్టింది. "తాగి వెళ్ళు. పరీక్షగది ఆ పక్కనే."

భానోజీ ఆ గది తలుపు తడుతుంటే వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే, ఇందాక విసుక్కున్న పెద్దమనిషి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కంకణమూ పచ్చగానే వెలుగుతోంది.