ఏడో నంబరు గొట్టం

చెత్తగుట్టను మట్టితో కప్పి, గొట్టాలు దింపి, లోపల పుట్టే గ్యాసును శుభ్రం చేసి మా క్యాంటీను పొయ్యికి తెప్పించడానికి మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాను. ఈ ఉదయం మొదటిసారి వెలిగించాం. వంట చేసే అక్క టీకి నీళ్ళు పెట్టింది.

"వాసన రావట్లేదు కదక్కా?" అన్నాను.

"లేదు సార్. ఇది గుట్టలో ఏ పక్క నుంచి వస్తోంది?"

ఇన్నాళ్ళకు ఒక్కరైనా అడిగారని పొంగిపోయాను. "ప్రస్తుతానికి ఏడో నంబరు గొట్టం ఒక్కటే తెరిచాం. తూర్పు వాలు. గ్యాసు అక్కడే ఎక్కువ."

"ఎన్నాళ్ళు వస్తుంది?"

"తక్కువలో తక్కువ పదిహేనేళ్ళు."

ఆమె తలూపి, టీ వడకట్టి గ్లాసు నా చేతికిచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదు, మంట మాత్రం నీలంగా మండుతూనే ఉంది. గ్యాసు వృథా అయితే నాకు ప్రాణం ఊరుకోదు.

"పొయ్యి ఆపలేదేంటక్కా?"

"కాసేపు ఉండనివ్వండి సార్. మీరు రాకముందు, వానకి తూర్పు వాలు జారినప్పుడు మా ఆయన దాని కింద ప్లాస్టిక్ ఏరుతున్నాడు. పదకొండు రోజులు తవ్వారు. ఇక దొరకడని ఆపేశారు."

పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. గుడ్డ తీసుకుని గట్టు తుడిచింది. మంట బాగా తగ్గించింది, ఆర్పలేదు.

నా చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"చక్కెర సరిపోయిందా సార్?" అంది.